మొదటి కారు, వింటర్ టైర్లు



కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో అక్టోబరు నెల సగం దాటిందంటే టైర్ల దుకాణాలకు ఊపిరి సలపదు. ఫోన్లు మోగుతూనే ఉంటాయి. మాంట్రియల్‌లో మొదటి మంచు కురిసిన మర్నాడు షాపుకి వెళ్తే ఆ పూటకి పని కావడం కష్టమే. అక్కడ నమోదైన ప్రతి కారుకీ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉండి తీరాలి. 2008లో ఈ నిబంధన మొదలైనప్పుడు గడువు డిసెంబరు 15. మంచు అంతకంటే ముందే పడుతోందని 2019లో దాన్ని రెండు వారాలు ముందుకు తెచ్చారు. ఆ టైర్లు లేకుండా పోలీసులకు దొరికితే 200 నుంచి 300 డాలర్ల దాకా జరిమానా, దానిపైన ఖర్చులు.

పక్కనే ఉన్న ఒంటారియోలో ఇలాంటి చట్టం లేదు. టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా, విండ్సర్ అంటూ మనవాళ్ళ నోట తరచుగా వినిపించే ఊళ్ళన్నీ అక్కడివే. చట్టం లేదంటే అవసరం కూడా లేదనుకునే వాళ్ళూ అక్కడే ఎక్కువ. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ళ కోసం, ఇక్కడ వాళ్ళ ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల కోసం.

హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో వెళ్ళిన పిల్లలు ఒక చలికాలం బస్సుల కోసం నిలబడి గడిపాక, మంచి ఎండ కాసే రోజుల్లో ఒక సెకండ్ హ్యాండ్ కరోలానో, సివిక్‌నో కొంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఉండేవే. ఏ సంవత్సరం బండి? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఇన్సూరెన్సు ఎంత? టైర్ల సంగతి వచ్చినా, అరిగాయా లేదా అన్న దగ్గరే ఆగిపోతుంది. మన రోడ్ల మీద ఆ ఒక్క ప్రశ్న చాలు. లంబసింగిలో తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగిన చలి కూడా పొద్దెక్కేసరికి తగ్గిపోతుంది కాబట్టి టైరు రబ్బరు గురించి మనకెవరికీ ఆలోచించే అవసరం రాలేదు. నాలుగైదు నెలలు వదలకుండా పట్టే చలి మాత్రం వేరే రకం.

అసలు తేడా ఉన్నది రబ్బరులోనే. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు, మామూలు టైరులోని రబ్బరు కూడా ఉష్ణోగ్రత పడిపోతున్నకొద్దీ బిగుసుకుపోతుంది. దాదాపు 7 డిగ్రీల దగ్గర మొదలయ్యే ఈ మార్పు కంటికి కనిపించదు. మంచు పడకపోయినా, రోడ్డు పొడిగానే ఉన్నా జరుగుతుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డు గరుకుదనంలోకి ఒదగలేదు కాబట్టి పట్టు జారుతుంది. వింటర్ టైరు రబ్బరు పాళ్ళు వేరు. సిలికా లాంటివి కలిపి, సున్నాకు బాగా దిగువన కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాని మీద లోతైన గాళ్ళతో పాటు, కత్తితో చీరినట్టు వందలాది సన్నని చీలికలు ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు అవి తెరుచుకుని మంచును కొరుకుతాయి. గాళ్ళలో కూరుకున్న మంచు, రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. మంచుకి మంచు బాగా అంటుకుంటుంది కదా, బండి ముందుకు కదలడానికి అదీ సాయపడుతుంది.

గడ్డకట్టిన ఐసు మీద సమస్య ఇంకో రకంగా ఉంటుంది. ఎముకలు కొరికే చలిలో కంటే సున్నా డిగ్రీల చుట్టుపక్కలే ఐసు ఎక్కువగా జారుతుంది. ఆ వేడిమి దగ్గర ఐసు మీద సన్నని నీటిపొర నిలుస్తుంది. టైరుకీ ఐసుకీ నడుమ ఆ పొర ఉన్నంతసేపూ పట్టు ఉండదు. తారురోడ్డు తడిసినట్టు నల్లగా మాత్రమే కనిపించే బ్లాక్ ఐస్ మీద, పగలు కాస్త కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టే రోజుల్లో, కొత్తగా బండి పట్టినవాళ్ళు బెంబేలెత్తడానికి కారణం ఇదే. చలి తగ్గింది కదా అని ధీమాగా బయల్దేరే రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజు.

మంచుతో, ఐసుతో మనిషి చేసిన పోరాటానికి పెద్ద చరిత్రే ఉంది. ఫిన్లండ్‌లోని నోకియా పట్టణంలో, ఇప్పుడు నోకియన్ టైర్స్ అని పిలిచే కంపెనీ 1934లో లారీల కోసం ప్రపంచంలోనే తొలి వింటర్ టైరు తయారుచేసింది. రెండేళ్ళకు కార్ల కోసం హక్కపెలీట్టా టైరు వచ్చింది. ఆ పేరుతో ఈనాటికీ అమ్ముతున్నారు. తర్వాతి కాలంలో టైరులో చిన్న చిన్న లోహపు మేకులు దిగ్గొట్టే పద్ధతి వ్యాపించింది. ఐసును అవి గట్టిగానే పట్టుకున్నాయి. అయితే మంచు లేని చోట రోడ్డునే చెక్కేశాయి.

జపాన్‌లో ఇది ప్రజల ఆరోగ్యం దాకా వెళ్ళింది. సెండై నగరంలో మంచు కొద్దిరోజులే పడుతుంది, మిగతా చలికాలమంతా రోడ్డు పొడిగానే ఉంటుంది. ఆ పొడి రోడ్ల మీద మేకుల టైర్లు తిరిగి తిరిగి తారు పొడి గాలిలోకి లేచింది. ఊళ్ళో జనం ఆ దుమ్మే పీల్చారు. ఉద్యమాలు జరిగాయి. చివరికి 1990లో జపాన్ చట్టం తెచ్చి ఆ టైర్లను కట్టడి చేసింది. మేకులు లేకుండా ఐసును పట్టుకునే రబ్బరు కావాల్సి వచ్చింది. బ్రిడ్జ్‌స్టోన్ 1988లోనే తెచ్చిన బ్లిజాక్ టైరు ఈ అవసరానికి సరిగ్గా సరిపోయింది. దాని రబ్బరు నిండా కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి. ఐసు మీది నీటిని అవి లాగేసుకుంటాయి. ఇవాళ టొరంటో దుకాణంలో ఒక తెలుగు కుర్రాడు కొనే మేకుల్లేని టైరు వెనక, స్వచ్ఛమైన గాలి కోసం పట్టుబట్టిన జపాన్ ఊళ్ళ కథ కూడా ఉంది.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? ముందుగా టైరు పక్కభాగం మీద ఒక గుర్తు చూడాలి. మూడు శిఖరాల కొండ, ఆ కొండలో ఒక మంచు రేకు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమల సంఘాలు దీన్ని ప్రవేశపెట్టాయి. గట్టిపడిన మంచు మీద ప్రామాణికమైన మామూలు టైరుకి 100 మార్కులు అనుకుంటే, కనీసం 110 తెచ్చుకున్న టైరుకే ఈ గుర్తు ఇస్తారు. క్విబెక్‌లో 2014 చివరి నుంచి ఈ గుర్తు ఉన్నవీ, మేకులున్నవీ తప్ప మరేవీ వింటర్ టైర్లుగా చెల్లవు.

కొత్తవాళ్ళు మోసపోయేది దీని పక్కనే ఉండే ఇంకో గుర్తు దగ్గర. ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటుంది. బురద, మంచు అని అర్థం. దాదాపు ప్రతి ఆల్ సీజన్ టైరు మీదా ఇది కనిపిస్తుంది. గాళ్ళ ఆకారం ఫలానా కొలతల్లో ఉంటే చాలు, మంచు మీద ఏ పరీక్షా లేకుండానే తయారీదారు దాన్ని వేసుకోవచ్చు. కారు అమ్మేవాళ్ళు “అన్ని కాలాలకీ పనికొస్తాయి, టైరు మీదే రాసి ఉంది చూడండి” అంటే, ఆ రాత అబద్ధం కాదు గానీ, మంచులో ఆదుకుంటుందన్న హామీ కూడా కాదు. ఆల్ సీజన్ పేరు విని నిశ్చింతగా ఉండటమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు.

కొండ గుర్తుకీ హద్దు ఉంది. అది బండి మంచు మీద కదిలి ముందుకు సాగే బలాన్ని కొలుస్తుంది. ఐసు మీద బ్రేకు పట్టడాన్ని కొలవదు. అందుకే ఆ గుర్తున్న వాటిలో కూడా ఐసు మీద పరీక్షల్లో మంచి పేరు తెచ్చుకున్నది వెతుక్కోవాలి. యూరప్‌లో 2021 మే నుంచి టైరుకి అతికించే లేబుల్ మీద ఐసు పట్టుకి విడిగా ఒక బొమ్మ వేస్తున్నారు. కెనడాలో కొనేవాళ్ళు ఆ లేబుల్ కోసం చూడక్కర్లేదు. మిషెలిన్ ఎక్స్ ఐస్, బ్లిజాక్, హక్కపెలీట్టా, కాంటినెంటల్ వైకింగ్ కాంటాక్ట్ లాంటివి అక్కడ ఏళ్ళ తరబడి నలిగిన పేర్లు. అంత పెట్టలేకపోతే కొండ గుర్తున్న మధ్యరకం కొత్త టైరు, అది లేని ఖరీదైన టైరు కంటే మేలు.

ఆల్ వెదర్ అని ఇంకో రకం ఉంది. దీన్ని ఆల్ సీజన్‌తో కలపకూడదు. కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా విప్పకుండా వాడుకోవచ్చు. మిషెలిన్ క్రాస్ క్లైమేట్ 2, టోయో సెల్సియస్ ఈ కోవలోవి. అద్దె గదిలో ఉంటూ, విప్పిన టైర్లు దాచుకునే చోటు లేని విద్యార్థి, నగరంలోనే, మంచు ఎత్తేసిన రోడ్ల మీదే తిరిగేవాడైతే ఇది మంచి దారి. రోజూ తెల్లవారకముందే హైవే ఎక్కి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి మాత్రం అసలైన వింటర్ టైర్లే ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు, పొడి రోడ్డు మీద బ్రేకు తొక్కాక సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద పట్టు మూడో వంతుకో, అంతకంటే తక్కువకో పడిపోతే ఆగడానికి 50 మీటర్ల దాకా కావాలి. మంచి టైరు ఆ పట్టును నాలుగో వంతు పెంచిందనుకుందాం. అప్పుడు 40 మీటర్లలో ఆగుతుంది. పది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మంచి టైర్ల కారు పూర్తిగా ఆగిన ఆ చోట, రెండో కారు ఇంకా గంటకు 22 కిలోమీటర్ల వేగంతో జారుతూనే ఉంటుంది. ఆ చోట రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే?

నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నాం కదా, మాకెందుకు అనేవాళ్ళు ఉంటారు. ఆ ఏర్పాటు బండి కదలడానికి సాయం చేస్తుంది. ఆపడానికి కాదు. ఆపేటప్పుడు ప్రతి కారూ నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. బరువైన ఎస్‌యూవీ మంచులో సునాయాసంగా బయల్దేరి, డ్రైవరుకి లేనిపోని ధైర్యం ఇచ్చి, మలుపులో ఆ ధైర్యాన్ని వమ్ము చేస్తుంది. ఏబీఎస్ బ్రేకు కూడా ఉన్న పట్టును సరిగ్గా వాడుకుంటుందే తప్ప, లేని పట్టును పుట్టించలేదు.

ఖర్చు తగ్గించుకోవాలని రెండే టైర్లు కొని ముందు చక్రాలకి వేయించుకోవడం ఇంకో పాత అలవాటు. చిన్న కార్లలో ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి తర్కం సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. కానీ మలుపులో కాలు ఆక్సిలరేటర్ మీంచి తీయగానే ముందు భాగం రోడ్డుని పట్టుకుని ఉంటే, వెనక భాగం పట్టు లేక పక్కకి విసురుతుంది. బండి బొంగరంలా తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడం చేయి తిరిగిన డ్రైవరుకే కష్టం. కొంటే నాలుగూ ఒకే రకం కొనాలి. చేతిలో డబ్బు రెండు టైర్లకే ఉంటే, కారు బడ్జెట్లోనే ఆ మేరకు తగ్గించుకోవడం మంచిది.

సైజు తెలుసుకోవడం సులువు. డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి అంచు మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. చాలా సెడాన్లకు 205/55 R16 91H అని ఉంటుంది. టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు. చివరి అక్షరం వేగానికి సంబంధించింది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు. వింటర్ టైర్లలో ఎక్కువగా టి కనిపిస్తుంది, అంటే 190. వేగం అక్షరం కాస్త తగ్గినా ఫరవాలేదు గానీ, బరువు అంకె మాత్రం తగ్గకూడదు.

టైర్లతో పాటు విడిగా నాలుగు స్టీలు రిమ్ములు కొనడం మొదట దండగ ఖర్చులా కనిపిస్తుంది. అది దండగ కాదు. రిమ్ములు లేకపోతే ఏటా రెండుసార్లు పాత టైరు ఊడదీసి, కొత్తది ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. రిమ్ములుంటే చక్రం విప్పి చక్రం బిగించడమే. కూలి తగ్గుతుంది, టైరు అంచు దెబ్బతినదు, రోడ్ల మీద చల్లే ఉప్పు కారుతో వచ్చిన అల్లాయ్ రిమ్ములను తినేయదు. నాలుగు టైర్లకు 16 అంగుళాల సైజులో 600 నుంచి 1,000 కెనడా డాలర్లు, రిమ్ములు వేసుకుంటే మరికొన్ని వందలు అవుతాయి. ఒంటారియోలో దానిపైన 13 శాతం పన్ను ఉంది. ఎక్కువే. కానీ వింటర్ టైర్లు తిరిగినన్నాళ్ళూ వేసవి టైర్లు మూలన ఉంటాయి కాబట్టి, అవీ అంతకాలం ఎక్కువ మన్నుతాయి.

ఖర్చు విషయంలో రాష్ట్రాలు కొంత సాయం చేస్తున్నాయి. ఒంటారియోలో 2016 జనవరి 1 నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవారికి ప్రతి కారు ఇన్సూరెన్సు కంపెనీ తగ్గింపు ఇవ్వాలి. దానంతట అది రాదు, ఏజెంటుకి చెప్పి, అడిగి తీసుకోవాలి. మానిటోబాలో ప్రభుత్వ బీమా సంస్థే ఈ టైర్లు కొనడానికి తక్కువ వడ్డీకి అప్పు ఇస్తోంది.

సెకండ్ హ్యాండ్ టైర్ల ప్రకటనలు శరత్కాలంలో కోకొల్లలు. వాటిని కొనకూడదని కాదు. చూసి కొనాలి. టైరు పక్కన డీవోటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు వెతకాలి. 3819 అని ఉంటే 2019లో 38వ వారంలో తయారైందని. గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, మనం డబ్బు పెడుతున్నదే దాని మెత్తదనానికి. ఆరేళ్ళు దాటినదాన్ని అనుమానంగా చూడాలి, పదేళ్ళు దాటింది ఉచితంగా ఇచ్చినా వద్దు. గాళ్ళ లోతు క్విబెక్ చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మంచులో పనికిరావాలంటే సీజన్ మొదట్లో 4.8 మిల్లీమీటర్లు ఉండాలని క్విబెక్ అధికారుల సూచన.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట. అక్కడ ఫలానా తేదీ అని లేదు. రోడ్డు మీద మంచో, ఐసో ఉంటే వింటర్ టైర్లు ఉండాలి, లేకపోతే 60 యూరోల జరిమానా, లైసెన్సు రికార్డులో ఒక పాయింటు. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ కూడా కొండ గుర్తే చెల్లుతోంది, ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే చాలదు. 

బిగించాక రెండు పనులు మిగులుతాయి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు వదులయ్యాయేమో చూసి మళ్ళీ బిగించుకోవాలి. నెలకోసారి గాలి చూడాలి. చలి అయిదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది. సెప్టెంబరులో 20 డిగ్రీల వేడిలో 32 పట్టించిన టైరు, జనవరిలో మైనస్ 15 వచ్చేసరికి పంక్చరు లేకుండానే 26 దగ్గరికి దిగుతుంది.

కారు కొనబోతున్న పిల్లలకీ, డబ్బు పంపబోతున్న పెద్దలకీ ఒక్కటే విన్నపం. కారు ధర మాట్లాడుకునే రోజే వింటర్ టైర్ల ఖర్చు కూడా అందులో వేసుకోండి. అమ్మేవాళ్ళను వింటర్ టైర్లు కూడా ఇస్తారా అని అడగండి, ఇస్తే కొండ గుర్తూ, నాలుగు అంకెలూ చూసి తీసుకోండి. ఇవ్వకపోతే ఆ మేరకు ధర తగ్గించమనండి. అక్టోబరు మొదటి వారంలోనే షాపుకి ఫోను చేసి తేదీ ఖాయం చేసుకోండి.